మొదట చెప్పాల్సిన మాట

నాకు నోటి దురుసు. ఇదేమీ కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు, నేను కాపరానికొచ్చిన నెల లోపే మా అత్తగారు వీధంతా చెప్పేశారు. ఆ తర్వాత ఇరవై తొమ్మిదేళ్ళు మా ఊరి బడిలోనే చిన్నపిల్లల మీద అరిచి అరిచి అది ఇంకాస్త ముదిరింది. మా ఆయన నెమ్మది మనిషి. నేను పది మాటలంటే ఆయన ఒకటి అనేవారు, అదీ మెల్లగా, విన్నవాళ్ళు నవ్వుకునేలా. మా టీచరమ్మకి లాంగ్ బెల్లు కొడితే తప్ప నోరాగదని చేలో కూలికొచ్చిన ఆడవాళ్ళతో చెప్పేవారట. వాళ్ళొచ్చి ఆ మాట నాకు చెప్పి మళ్ళీ నవ్వేవాళ్ళు. మాకు పిల్లల్లేరు. ఉన్నదల్లా నా బడి, ఆయన ఆరెకరాల మిరప తోట, సాయంత్రమైతే అరుగు మీద రెండు కుర్చీలు.

ఇప్పుడు రాయబోయేది ఆయన గుండె గురించి, దానితో పాటు నా నోటి గురించీ. రెండూ విడదీసి చెప్పడం నాకు చేతకాదు.

ఆయనకి మొదటిసారి దడ వచ్చింది కోతల కాలంలో. కల్లంలో ఎండు మిరపకాయలు బస్తాలకెత్తుతూ ఉన్నట్టుండి కూలబడ్డారట. ఇంటికొచ్చి నా చెయ్యి తీసుకుని గుండె మీద పెట్టుకున్నారు. రెండు దెబ్బలు గబగబా, ఒకటి ఆలస్యంగా, మళ్ళీ నాలుగు గబగబా. "లోపలెవరో బస్తాలు దొర్లిస్తున్నట్టుందే" అన్నారు. మిరప ఘాటనుకున్నాం, గ్యాసనుకున్నాం, సోడా పట్టించాను. ఆఖరికి గుంటూరు, అక్కణ్ణుంచి విజయవాడ. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. గుండె పై గదుల్లో కరెంటు ఒక దారిన పోకుండా చిందరవందరగా పోతోందట. ఏడాదిన్నర మాత్రలతో నెట్టుకొచ్చాక, ఇక అబ్లేషన్ చేద్దామని అక్కడి డాక్టరు గారు చెప్పారు. తొడ దగ్గర నరంలోంచి సన్నటి తీగ గుండెదాకా పంపించి, కరెంటు దారి తప్పుతున్న చోట చురకలు పెడతారట. అది విని ఆయన, పశువుకి వాత పెట్టినట్టన్నమాట అన్నారు. డాక్టరు గారు నవ్వి, దాదాపు అంతేనన్నారు.

చికిత్స బాగానే జరిగింది. మూడో రోజున ఇంటికి పొమ్మన్నారు. పోయేముందు డాక్టరు గారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. లోపలి పుండు మానడానికి మూడు నెలలు పడుతుంది. ఈలోపు గుండె మళ్ళీ లయ తప్పొచ్చు, చాలామందికి అది మామూలే. కొందరికి మాత్రం మరీ వేగం అందుకుంటుంది, లేదా ఆగి ఆగి కొట్టుకుంటుంది, కళ్ళు తిరిగి పడిపోతారు. అలా జరిగితే ఎక్కడికి తీసుకెళ్ళినా సరే, అన్నిటికంటే ముందు ఒక్క మాట చెప్పాలి. "ఈయనకి గుండెలో అబ్లేషన్ అయింది, రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారు." ఇది తెలియకపోతే ఎంత మంచి డాక్టరైనా తప్పు వైద్యం చేస్తాడమ్మా అన్నారు.

నేను తలూపాను. తలూపడంతో ఆగితే నేను టీచర్నెలా అవుతాను? కారులో ఇంటికొస్తూ దారిపొడుగునా ఆయన చేత ఆ మాట అప్పజెప్పించాను. తాడేపల్లి దాటేసరికే ఆయనకి విసుగొచ్చింది. ఇంటికొచ్చాక ఒక అట్టముక్క మీద గుండ్రటి అక్షరాలతో అదే రాసి, ఆయన ఏ చొక్కా వేసుకుంటే ఆ జేబులో పెట్టడం నా పనిగా పెట్టుకున్నాను. ఇంటాయన ప్రాణం ఒక్క వాక్యం మీద ఉందంటే, ఆ వాక్యం గుర్తుపెట్టుకోవడం నాకో లెక్కా అనుకున్నాను.

నెల రోజులు సజావుగా గడిచాయి. నడుమ రెండుసార్లు దడ వచ్చి, గంటలో తగ్గింది. ఫోన్ చేస్తే మాత్ర మార్చారు. బరువులెత్తొద్దు, ఎండన పడొద్దు, పురుగుమందు కొట్టే చోటికి అసలే పోవద్దు అన్నారు. కానీ ఆ ఏడు తామర పురుగు వచ్చిపడింది. నల్లగా నలుసంత ఉండి పూవులో దూరి కూర్చుంటుంది. పూత పూసినట్టే పూసి రాలిపోతోంది, ఆకులు పైకి ముడుచుకుని దొప్పల్లా అయిపోయాయి. ఏ మందు కొట్టినా నాలుగు రోజులకి మళ్ళీ తయారు. చుట్టుపక్కల ఊళ్ళలో తోటలకి తోటలు పీకి గట్టున పడేశారు. ఆయన రోజూ పొద్దున్నే వెళ్ళి, నాలుగు పూవులు అరచేతిలో దులుపుకుని చూసి, ఇంటికొచ్చి మాట్లాడకుండా కూర్చునేవారు.

ఆ రోజు మందు కలపాల్సిన మనిషి రాలేదు. తనే వెళ్తానన్నారు. నేను లేచాను. ఇన్ని ఆసుపత్రుల చుట్టూ తిరిగింది ఇందుకేనా అని మొదలుపెట్టి, ఎప్పుడెప్పటివో తవ్విపోశాను. ఆయన చెప్పులేసుకుంటూ, "ఆ తోట నా కళ్ళముందు పోతుంటే చూడలేకపోతున్నానే. దానికంటే ముందు నేను పోతే బావుండు" అన్నారు.

"పోండి. ఎవరు పట్టుకున్నారు" అన్నాను.

కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆ సామెత పిల్లల చేత ఎన్ని కాపీ పుస్తకాల్లో రాయించానో నాకే తెలీదు. ఆయన గేటు దగ్గరగా వేసి వెళ్ళిపోయారు. నేను బడికెళ్ళాను.

పదకొండు దాటాక, మూడో తరగతికి ఎక్కాలు చెప్పిస్తుంటే, మా పక్క చేను రైతు బండి మీద వచ్చాడు. స్టాండు కూడా వెయ్యకుండా బండి గేటు దగ్గర పడేసి లోపలికి పరుగెత్తుకొచ్చాడు. గుమ్మం పట్టుకుని ఊపిరి తీసుకుని, "అక్కా, బావ మందు తాగాడు" అన్నాడు.

ఆ మాటని నేను ఒక్క క్షణం అనుమానించి ఉంటే ఎంత బావుండేది. అనుమానించలేదు. మా వైపు పొలంలో మనిషి పడి, పక్కన మందు డబ్బా ఉంటే ఇంకో ఆలోచన ఎవరికీ రాదు. ఇన్నేళ్ళుగా ఎన్ని ఇళ్ళలో చూశామని. దానికితోడు పొద్దుట నేనన్న మాట పొద్దుటి నుంచీ నాలో గుచ్చుకునే ఉంది. అతను చెప్పగానే, అవును, పొమ్మన్నాను, పోయారు అనుకున్నాను. అంత సులువుగా నమ్మేశాను.

నేను వెళ్ళేసరికి ఆయన్ని గట్టు మీద పడుకోబెట్టారు. మందు డబ్బా పక్కనే ఒరిగి ఉంది. చొక్కా ముందంతా తడిసి వాసన గుప్పుమంటోంది. కళ్ళు తిరిగి డబ్బాతో సహా పడ్డారేమో, అది మీద ఒలికిందేమో అని అక్కడున్న పదిమందిలో ఒక్కరికీ తోచలేదు. ఒళ్ళంతా చెమటలు. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూసి పెదాలు కదిపారు.

చొక్కా పట్టుకుని ఊపేశాను. "ఎంత తాగారు? చెప్పండి, ఎంత తాగారు?"

తాగారా అని అడగలేదు. ఎంత అని అడిగాను. ఆయన తల అడ్డంగా తిప్పారు. చెప్పనంటున్నారనుకుని చెంప మీద కొట్టాను. ముప్పై ఏళ్ళ కాపరంలో ఆయన మీద చెయ్యెత్తడం అదే మొదటిసారి.

మందు పడ్డ ఒంటిమీద ముందు బట్టలు తీసేయాలని మా ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ చొక్కా నేనే చించి లాగి కాలవలోకి విసిరేశాను, జేబులో అట్టముక్కతో సహా. ఎవరో కుంకుడు రసం చేసి తెచ్చారు. వాంతి చేయించాలని ఆయన ముక్కు మూసి చెంబెడు రసం నోట్లో పోసింది కూడా నేనే. ఇంకెవరైనా పోసి ఉంటే ఇన్నాళ్ళూ వాళ్ళని తిట్టుకుంటూ బతికేదాన్ని.

మా ఊళ్ళో సూదులేసే ఆయన వచ్చాడు. పెద్ద చదువు లేకపోయినా మందు తాగినవాళ్ళని ఎందరినో నిలబెట్టిన చెయ్యి అది. నాడి పట్టుకుని, ఆగి ఆగి కొడుతోందన్నాడు. మందు పట్టినా నాడి అలాగే పడిపోతుంది. కనుపాపలు చిన్నవయ్యాయన్నాడు. ఆ నడినెత్తి ఎండలో ఎవరి కనుపాపలు చిన్నవి కావు? అయినా అతనికి అన్యాయం చెయ్యకూడదు. సూది చేత్తో పట్టుకుని, వేసేముందు నావైపు తిరిగి అడిగాడు.

"అమ్మా, ఈయనకి వేరే జబ్బేమైనా ఉందా?"

"ఏ జబ్బూ లేదు. నా మీద కోపంతో చేశారీ పని" అన్నాను.

కంఠతా పట్టిన మాట ఏమైందని మీరడగొచ్చు. నన్ను నేను అడుక్కోని రోజు లేదు. మరిచిపోలేదు. గుండె సంగతి బాగు చేయించేశాం, అది ముగిసిపోయింది, ఇది వేరు, ఇది నా మూలాన జరిగింది అనుకున్నాను. తప్పంతా నాదేననుకోవడంలో కూడా ఎంత పొగరు ఉంటుందో నాకప్పటికి తెలీదు. ప్రపంచంలో ఆయనకి ఏం జరిగినా నావల్లే జరగాలి కాబోలు.

ఆ సూదికి నిదానించిన గుండె వేగం అందుకుంటుంది. మందు తాగినవాడికి ప్రాణం పోస్తుంది. ఆయన గుండె మాత్రం అప్పటికే అదుపు తప్పి పరుగెత్తి పరుగెత్తి ఆగుతోంది. దాన్ని మళ్ళీ ములుకోలతో పొడిచినట్టయింది. ఒకటి చాలదని రెండోది వేశాడు. అంబులెన్సు వచ్చేలోగా మూడోది.

గుంటూరులో మమ్మల్ని దింపిన ఆసుపత్రి గుమ్మంలోనే ఏమైందని అడిగారు. పురుగుమందు తాగారని చెప్పాను. అదే కాగితం మీద రాసి, చెప్పినది భార్య అని రాసి, కింద సంతకం పెట్టమన్నారు. పెట్టాను. పోలీసులకీ ఆ కాగితమే వెళ్ళింది. లోపల గొట్టం వేసి పొట్ట కడగడం మొదలుపెట్టగానే ముక్కులోంచి రక్తం వచ్చింది. ఎంతకీ ఆగలేదు. డ్యూటీలో ఉన్న డాక్టరు చిన్నపిల్ల, నా దగ్గర చదువుకుపోయిన పిల్లల వయసు. ఆ రక్తం చూసి గొట్టం తీయించి, బయటికొచ్చి, రక్తం పలచబడే మాత్రలేమైనా వాడుతున్నారా అని నన్నడిగింది.

అప్పుడొచ్చింది నా నోటికి ఆ వాక్యం. పొల్లు పోకుండా వచ్చింది. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. ఈ మాట ఇప్పుడా చెప్పేది అని కసురుకుంటుందని చూశాను. కసురుకుని ఉంటే బావుండేది. పడిపోయి ఎంతసేపయిందని మాత్రం అడిగింది. నాలుగు గంటలని చెప్పాను.

ఆ తర్వాత అంతా ఆ పిల్లే చూసుకుంది. సూదులు ఆపించి, ఈసీజీ తీసి, విజయవాడ డాక్టరు గారితో ఫోన్లో మాట్లాడి, షాక్ ఇచ్చి గుండె పరుగు ఆపి, అక్కడికే పంపించింది. రక్తపరీక్షలో మందు జాడ లేదని రెండో రోజుకే తేలింది. అబ్లేషన్ పుండు మానకముందే గుండెలో కరెంటు ఒక చోట గిరగిరా తిరగడం మొదలైందట. ఆ తిరుగుడు ఆగినప్పుడల్లా గుండె మళ్ళీ తనంతట తాను అందుకోవడానికి కొన్ని క్షణాలు పడుతోందట. చేలో పడిపోయింది ఆ క్షణాల్లోనే. ఇక ఆగకుండా ఉండడానికి పేస్‌మేకర్ పెట్టారు. గుండె కండరం మాత్రం బాగా దెబ్బతింది అన్నారు. ఆ నాలుగు గంటల వల్లేనా అని అడిగాను. డాక్టరు గారు ఫైలు వంక చూస్తూ, ఇలాంటివి ఒక్క కారణం వల్ల అని చెప్పలేమమ్మా అన్నారు. నా మీద దయతో అన్నారని నాకు తెలుసు.

ఐదో రోజున ఆయనకి గొంతు పెగిలింది. గొట్టం గీరుకుపోయిన గొంతు. "మూత తీస్తుంటే కళ్ళు తిరిగాయే. నేను తాగలేదు" అన్నారు. ప్రాణం మీదికొచ్చిన మనిషి, లేచీ లేవగానే నాకు సంజాయిషీ చెప్పుకున్నారు. నాకు తెలుసండీ, మాట్లాడకండి అన్నాను.

ఇంటికొచ్చాం. ఊరు ఊరంతా చూడ్డానికొచ్చింది. వచ్చినవాళ్ళెవరూ గుండె ఎలా ఉందని అడగలేదు. అంత పని ఎందుకు చేశావురా అని పెద్దవాళ్ళు, తోట పోతే పోయింది మళ్ళీ పండించుకోవచ్చులే అని తోటివాళ్ళు. ఆయన అన్నగారు సింగరాయకొండలో ఉంటారు. ఆ బావగారొచ్చి గంటసేపు మనిషికి ధైర్యం ఉండాలని ఉపదేశం చేసి వెళ్ళారు. మా ఆయన మొదట్లో అందరికీ, నేను తాగలేదురా అని చెప్పేవారు. చెప్పినప్పుడల్లా ఎదుటివాళ్ళు జాలిగా తలూపేవాళ్ళు. రెండు వారాలకి చెప్పడం మానేశారు.

పురుగుమందుల కొట్టతను ఒకరోజు ఆయన్ని ఉత్త చేతులతో తిప్పి పంపించాడు. అమ్మగారిని పంపించండి, ఆవిడ చేతికిస్తాను అన్నాడట. ముప్పై ఏళ్ళు వ్యవసాయం చేసిన మనిషికి తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం మందు డబ్బాలుండే కొట్టుగది తాళంచెవి తెచ్చి నా కుర్చీ చేతి మీద పెట్టారు. ఇదెందుకండీ అన్నాను. "నీ దగ్గరే ఉంచు. నీకు భయం లేకుండా ఉంటుంది" అన్నారు. ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడుపైతే నేను తట్టుకునేదాన్ని, అందులో నాకంటే ఆరితేరినవాళ్ళెవరు? ఆయన నిజంగానే నా భయం గురించి ఆలోచించారు.

ఇక నా సంగతి చెప్పాలి. ఇది రాయడం కష్టంగా ఉంది. ఊళ్ళో ఆడవాళ్ళు నన్ను మెచ్చుకున్నారు. టీచరుగారు కాబట్టి క్షణాల్లో చొక్కా లాగేసి రసం పోయించింది, ఇంకొకత్తె అయితే ఏడుస్తూ కూర్చునేది, ఆవిడ తాళి గట్టిది అన్నారు. బడిలో తోటి టీచర్లు కూడా అదే అన్నారు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు కాదని చెప్పాల్సింది. కుదరలేదనుకున్నాను. పదోసారి వింటున్నప్పుడు నాకు లోపల హాయిగా ఉందని తెలిసింది. ఛీ, ఎంత సిగ్గులేనిదాన్ని.

ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని ఉన్నాం. ఆయన వీధిలోకి చూస్తూ ఒక కోరిక కోరారు. కాపరంలో ఆయన నన్ను ఏదైనా కావాలని అడిగింది తక్కువ.

"నేను చెబితే ఎవరు నమ్ముతారే. తాగినవాడెవడూ తాగాననడు. తాగాడని ఆసుపత్రిలో సంతకం పెట్టింది నువ్వు. నువ్వు చెబితేనే నమ్ముతారు. నలుగురున్నప్పుడు ఒక్కసారి చెప్పవూ?"

చెబుతానండీ అన్నాను. మాట ఇచ్చాను.

చెప్పాలనే అనుకున్నాను. చెప్పాలంటే మొత్తం చెప్పాలి. జబ్బుందా అని అడిగితే లేదన్నానని చెప్పాలి. గట్టి తాళి కాస్తా మొగుడి మీదికి మృత్యువుని తెచ్చిన నోరవుతుంది. ఆయన ఇంకాస్త కోలుకోనీ అనుకున్నాను. తర్వాత బడిలో పరీక్షలైపోనీ అనుకున్నాను. ఒకసారి పొదుపు సంఘం మీటింగులో నోరు తెరిచాను కూడా. ఇంతలో ఒకామె, మా ఆయనకీ ఇలాంటి ఆలోచనలు వస్తున్నాయి టీచరుగారూ, మీరే ఎలా కనిపెట్టాలో చెప్పండి అని నా చెయ్యి పట్టుకుంది. నేను ఆమెకి జాగ్రత్తలు చెప్పి ఇంటికొచ్చాను.

ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను పెదకాకాని శివుడికి పొంగలి మొక్కుకున్నాను. మొక్కు తీర్చడానికి బయల్దేరితే వీధిలో ఆడవాళ్ళు ఆరుగురు తోడొచ్చారు. గుడి పక్కన పొయ్యి పెట్టి పొంగలి వండాం. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని పొయ్యికి పుల్లలందిస్తూ కూర్చున్నారు. అన్నం పొంగుతుంటే ఒక పెద్దామె గోపురం వైపు చేతులెత్తి, ఈ బిడ్డకి ఇంకెప్పుడూ అలాంటి పాడు బుద్ధి పుట్టించకు సామీ అని గట్టిగా దణ్ణం పెట్టింది. మిగతావాళ్ళూ పెట్టారు. ఆయన చేతిలో పుల్ల చేతిలోనే ఉండిపోయింది. తలెత్తి నావైపు చూశారు. అంతకంటే మంచి సమయం ఇంకేముంటుంది? దేవుడి ముందు, ఆరుగురు ఆడవాళ్ళ ముందు. నేను పొగ కళ్ళలో పడినట్టు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ గరిట తిప్పాను.

ఆయన పుల్ల పొయ్యిలో పెట్టారు. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ నన్నెన్నడూ అడగలేదు. నాతో మామూలుగానే ఉన్నారు, కూర బావుందనేవారు, మాత్రలు వేళకి వేసుకునేవారు. కూలివాళ్ళ దగ్గర నా మీద వేళాకోళం మాత్రం ఆడడం మానేశారు. ఒకసారి వాళ్ళనే అడిగాను, మా ఆయన నా గురించి ఏమీ అనడం లేదా అని. లేదండీ, ఆయన అసలేం మాట్లాడట్లేదు అన్నారు.

నాలుగు నెలలకల్లా గుండె మళ్ళీ పాత దడలోకే వెళ్ళింది. ఇంకోసారి అబ్లేషన్ చేద్దామంటే కండరం తట్టుకోదన్నారు. కాళ్ళు వాచేవి, నాలుగడుగులేస్తే ఆయాసం. పై సంవత్సరం తోట కౌలుకిచ్చేశాం. కౌలుకి తీసుకున్నవాళ్ళకి ఆ ఏడు మిరప బాగా కాసింది. కల్లంలో ఎర్రగా పోసిన కాయల్ని ఆయన కుర్చీలో కూర్చుని చూసేవారు. ఘాటుకి దగ్గొస్తున్నా లేచేవారు కాదు.

పడిపోయిన పద్నాలుగో నెలలో, విజయవాడ ఆసుపత్రిలో, ఒక మధ్యాహ్నం పోయారు. నేను పక్కనే ఉన్నాను. అంతకుముందు రోజు సాయంత్రం నేను ఆయన చెయ్యి పట్టుకుని, ఊరికెళ్ళగానే చెబుతానండీ, అందరికీ చెబుతాను అన్నాను. ఆయన నా చేతి మీద రెండుసార్లు తట్టారు. ఏడుస్తున్న పిల్లని ఊరుకోబెడుతూ తట్టినట్టు తట్టారు. చెప్పమనో వద్దనో, నమ్మాననో లేదనో, నాకు తెలియలేదు.

గుండె ఆగిపోయి చనిపోయారని డాక్టరు గారు స్పష్టంగా రాసిచ్చారు. ఊళ్ళో ఏమన్నారో నాకు పాడె కదలకముందే తెలిసింది. ఆ మందే లోపల ఉండిపోయి తినేసింది, అది ఊరికే పోదు, ఏడాది తర్వాతైనా పట్టుకుపోతుంది అన్నారు. పాపం టీచరమ్మ ఇన్నాళ్ళు కాచుకుంది అన్నారు.

పెద్దకర్మ రోజున మా ఇంటి ముందు షామియానా వేశారు. పక్క చేను రైతు, సూదులేసే ఆయన, కొట్టతను, పొదుపు సంఘం ఆడవాళ్ళు, అంతా ఉన్నారు. భోజనాలకి లేవబోతుంటే నేను నిలబడ్డాను. ఒక్క నిమిషం కూర్చోండి అన్నాను. బడి గొంతుతోనే అన్నాను, అందరూ కూర్చున్నారు.

ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తాగలేదని చెప్పాను. పొద్దున పోండి అన్నది నేనని, ఎంత తాగారని కొట్టింది నేనని, జబ్బుందా అని అడిగితే లేదన్నది నేనని, కాగితం మీద సంతకం నాదని చెప్పాను. సూదులేసే ఆయన వైపు తిరిగి, నీ తప్పేం లేదయ్యా, నువ్వడిగావు, నేనే చెప్పలేదు అన్నాను. రక్తపరీక్ష కాగితం పైకెత్తి చూపించాను. ఏడవకుండా చెప్పాను. నా జీవితంలో అంత బాగా పాఠం చెప్పిన గుర్తు లేదు.

కొందరు తలలు వంచుకున్నారు. కొట్టతను కళ్ళు తుడుచుకున్నాడు. చెప్పేశానండీ అనుకున్నాను. అప్పుడు సింగరాయకొండ బావగారు లేచి, నా దగ్గరకొచ్చి, నా చేతిలో కాగితం మెల్లగా తీసుకుని మడతపెట్టారు.

"ఊరుకో అమ్మా. వాడి మీద పడ్డ మాట నీ నెత్తిన వేసుకున్నావు, ఏ ఇల్లాలు చేస్తుందీ పని. ఇక్కడెవరూ వాణ్ణి తప్పుపట్టడం లేదు తల్లీ. కూర్చో."

అవునమ్మా, అవును అన్నారు చుట్టూ. ఒకామె నాకు మంచినీళ్ళు తెచ్చి తాగించింది. ఇంకొకామె నా వీపు నిమిరింది. నేను మళ్ళీ మొదటి నుంచీ చెప్పబోయాను. చెప్పేకొద్దీ వాళ్ళ ముఖాల్లో జాలి ఎక్కువైంది. ఆయన చెయ్యని పనికి, నా ముఖం చూసి, ఊరంతా ఆయన్ని క్షమించేసింది.